ఫ్రిజ్ తలుపులో సగం సీసాలు

పెళ్లయి నెలైనా కాలేదు. పశువుల ల్యాబ్‌లో మా ఆయన ఏం చూపించినా నాకు ముచ్చటే. అత్తయ్య ఆవుకు పొదుగువాపు; దాని పాలలోని క్రిముల్ని పెంచి ఏ మందు పనిచేస్తుందో తేల్చే గాజు పళ్లెం నా చేతికిచ్చారు.

"ఆరు బొట్టుబిళ్లల్లా ఎంత బాగున్నాయో!" అన్నాను.

"అవి ఆరు మందులు. పనిచేస్తే చుట్టూ ఖాళీ ఉండాలి."

ఒక్కదాని చుట్టూ కూడా ఖాళీ లేదు. అంచుల దాకా సూక్ష్మజీవులే పెరిగాయి. నా నవ్వు ఆగిపోయింది.

ఇంట్లో చెప్పగానే అత్తయ్య ఫ్రిజ్ తెరిచింది. తలుపులో సగం వాడిన మందు సీసాలు ఏడు.

"పాలు బాగవగానే మందు ఆపేసేదాన్ని రా. మళ్లీ వస్తే అక్కరకొస్తాయని దాచాను."

"సగం సగం మందులతో ఆ క్రిములు రాటుదేలాయమ్మా."

కొట్టంలో ఆవు అరిచింది. అత్తయ్య చెంబు తీసుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"పితికే వేళైంది. దానికేం చెప్పను?"