కళ్ళు మండని ఉల్లిపాయ

వెన్న వాసన.

మెట్ల మీదే తగిలింది. వెన్న, మిరియాలు, కాస్త మాడిన బ్రెడ్డు... ఆ వాసనే చెయ్యి పట్టుకుని ఆర్లిస్‌ని మూడో అంతస్తు దాకా తీసుకెళ్ళింది.

వెర్లిన్ వంట చేస్తున్నాడు!

ఎన్నాళ్ళయిందో అతను పొయ్యి దగ్గరికి వెళ్ళి. బట్టల దుకాణంలో పొద్దుటి నుంచీ నిలబడి పీకుతున్న కాళ్ళు ఒక్కసారిగా తేలికయ్యాయి. బయట డులూత్ ఊరి కొండ మీద అక్టోబరు చివరి గాలి, సరస్సు మీంచి వచ్చి చెవులు కోసేసే గాలి. లోపల మొగుడు, వెన్న, వేడి సూప్. ఇంతకంటే ఏం కావాలి మనిషికి?

తలుపు తీసింది.

ఆకులు.

ఆ ఇంట్లో ముందు పలకరించేవి ఎప్పుడూ ఆకులే. ఇల్లంటే ఎంతని — ఒకే గది. ఓ మూల పొయ్యి, ఇంకో మూల మంచం, ఒక్కటంటే ఒక్క కిటికీ. పెద్ద ఇల్లు అమ్మేసి ఇక్కడికొచ్చిన రోజు ఆర్లిస్ ఈ గోడల్ని చూసి ఏడ్చింది. వెర్లిన్ ఏడవలేదు. జేబులోంచి టేపు తీసి కొలతలు తీసుకున్నాడు.

కర్టెన్ కడ్డీ పొడవునా మనీ ప్లాంట్ పాకించాడు. ఫ్రిజ్ నెత్తిన స్పైడర్ ప్లాంట్ ఎక్కించాడు. తలుపు వెనక, ఇంకేదీ పట్టని జానెడు చోటులో, స్నేక్ ప్లాంట్ నిలబెట్టాడు. స్నానాల గదిలో షవరు ఆవిరి తగిలేలా ఫెర్న్ కుండీ వేలాడదీశాడు. కిటికీకి ఎదురుగా అద్దం తగిలించి, ఉన్న ఆకుల్ని రెట్టింపు చేశాడు.

"మీ ఇంటికి రావాలంటే కొడవలి తెచ్చుకోవాలి ఆర్లిస్," అనేది ఎదురు వాటాలో ఉండే మార్వా. "ఏదో ఒక రోజు మీ ఆయన్ని ఈ ఆకుల్లో వెతుక్కుంటావు, చూస్తూ ఉండు."

నవ్వుకునేవాళ్ళు.

గోడలు కనబడని ఇల్లు. గది చిన్నదన్న సంగతే ఆర్లిస్ మర్చిపోయింది. మర్చిపోయేలా చేశాడు వెర్లిన్.

లోటల్లా ఒక్కటే — చీకటి చోటు లేకపోవడం.

పాత ఇంటికి నేలమాళిగ ఉండేది. అమరిల్లిస్ అనే పూలమొక్క గడ్డ అక్కడ నిద్రపోయేది. పెళ్ళయిన మొదటి క్రిస్మస్‌కి వెర్లిన్ తెచ్చిన గడ్డ అది. ఏటా ఎండలు తగ్గగానే నీళ్ళు మాన్పించి, ఎండిన ఆకులు కోసి, మట్టి దులిపి, ఖాకీ కాగితం సంచిలో వేసి, మూతి రెండు మడతలు పెట్టి చీకట్లో దాచేవాడు. నవంబరు రాగానే లేపేవాడు. క్రిస్మస్‌కి పూసేది — అరచెయ్యంత పూలు, ఎర్రెర్రగా. ఆర్లిస్‌ని మాత్రం దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు.

"ముట్టుకోకు. నిద్ర చెడుతుంది," అనేవాడు, పసిపిల్ల సంగతి చెప్పినట్టు.

ఈ ఇంట్లో చీకటిగా, చల్లగా ఉండే చోటు ఒక్కటే. సింకు కింది అర.

ఉల్లిపాయలూ అక్కడే ఉండేవి.

"వచ్చావా? కోటు విప్పు, కూర్చో." వెర్లిన్ గరిటె ఊపాడు. ముఖం వెలిగిపోతోంది. "ఉల్లిపాయ సూప్! మీ అమ్మ చేసేది చూడు, అచ్చం అలాగే."

"ఏమిటో ఇవాళ విశేషం?"

"విశేషం ఉంటేనే పెళ్ళానికి వండాలా? ఒక్కటే ఉల్లిపాయ ఆర్లిస్, ఇంత ఉంది! ఎంత మంచి రకమో... కోస్తుంటే కళ్ళే మండలేదు."

కళ్ళే మండలేదు.

కోటు బొత్తాం మీద ఆర్లిస్ చెయ్యి ఆగిపోయింది.

గదిలో వెన్న వాసన ఉంది. మిరియాల వాసన ఉంది. ఉల్లి వాసన... లేదు.

కూరలు కోసే పలక మీద తెల్లటి పొరలు. పొర లోపల పొర. పక్కన గోధుమరంగు పొట్టు. నేల మీద ఖాకీ సంచి, మడతలు విప్పేసి ఉంది. సింకు కింద బుట్టలో ఉల్లిపాయలు అలాగే ఉన్నాయి, తమకేమీ తెలియదన్నట్టు.

ఆర్లిస్ గిరుక్కున అతని వైపు తిరిగింది.

"తిన్నావా?"

"ఉప్పు చూశానంతే."

"ఎంత? వెర్లిన్, ఎంత తిన్నావు?"

"చెంచాడు. చేదుగా తగిలింది, అందుకే ఇంకాస్త వెన్న—"

పొయ్యి ఆర్పేసింది. గిన్నెడు సూపూ సింకులో కుమ్మరించింది. "అయ్యయ్యో, ఎంత కష్టపడ్డానో తెలుసా!" అని అతను చిన్నబుచ్చుకున్నాడు. విషం కడుపులోకి పోయినప్పుడు చెయ్యాల్సిన ఫోన్ నంబరు ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. ఒకసారి తప్పు నొక్కింది. మళ్ళీ నొక్కింది. అటు నుంచి ఒక నింపాది గొంతు — ఆ గడ్డ విషమేనంది, అయినా చెంచాడే కాబట్టి నోరు కడిగించి కనిపెట్టుకుని ఉండమంది. వాంతులు ఆగకపోతే ఆసుపత్రికి తెమ్మంది.

వాంతి అయింది. మళ్ళీ అయింది.

స్నానాల గది నేల మీద ఇద్దరూ. పైన ఫెర్న్. ఆర్లిస్ అతని వీపు నిమురుతూ కూర్చుంది... చాలాసేపు. మెల్లగా వాంతులు ఆగాయి. అతని చెంపలకి రంగు తిరిగొచ్చింది. గండం గడిచింది.

అప్పుడు వేసింది భయం.

ఇంతవరకూ ఉన్నది కంగారు. భయం ఇప్పుడే వచ్చి పక్కన కూర్చుంది.

"వెర్లిన్... ఆ సంచిలో ఏముందనుకున్నావు?"

"ఉల్లిపాయలు. నువ్వే పెట్టావు కదా."

నువ్వే పెట్టావు కదా.

ఈ శరదృతువులోనే, అతను గడ్డని దాస్తుంటే కళ్ళారా చూసింది. సింకు ముందు వంగిన ఆ వీపు. ఆ రెండు మడతలు. ముట్టుకోకు, నిద్ర చెడుతుంది... అన్నవాడు ఈ వెర్లినే. నిద్రపుచ్చిన చేతులూ ఇవే, కోసిన చేతులూ ఇవే. కోసి, ఆమె కోసమే ప్రేమగా వండాయి.

టప్... టప్...

ఫెర్న్ కుండీ కారుతోంది. పొద్దున నీళ్ళు పోశాడు. మధ్యాహ్నం మళ్ళీ పోసి ఉంటాడు. ఎన్ని రోజులుగానో ఇంతే. వేళ్ళు కుళ్ళుతున్న వాసన వస్తూనే ఉంది. మొగుడికి మొక్కల పిచ్చి ముదిరిందని మార్వాతో చెప్పి నవ్వింది కూడా.

ఎప్పటి నుంచి?

ఒకే గది. దాక్కోవడానికి చోటే లేని గది. అందులో ఉంటూనే మనిషి అంత దూరం ఎలా వెళ్ళిపోయాడు? తను ఎలా చూడలేదు? ఆమెకి తన మీదే అసహ్యం వేసింది.

లేచి వెళ్ళి పొట్టు ఊడ్చింది. పొరలన్నీ చెత్తబుట్టలో వేసింది. పలక అంచున ఒక ముక్క మిగిలింది. అడుగున బిరుసైన వేళ్ళ చక్రం, దాన్ని పట్టుకుని రెండు మూడు పొరలు. అదీ తీసింది.

"అది పారెయ్యకు!"

వెర్లిన్ వెనకే నిలబడి ఉన్నాడు. ముక్క అందుకున్నాడు. స్నేక్ ప్లాంట్ పక్కనుంచి ఖాళీ కుండీ తీశాడు. మట్టి పోసి, ముక్కని నిలబెట్టి, సగం పైకి ఉంచి, చుట్టూ బొటనవేలితో నొక్కాడు. నీళ్ళు — కొద్దిగా, అంచుల వెంట మాత్రమే. చేతుల్లో ఎక్కడా తడబాటు లేదు.

"వేళ్ళున్న ముక్క చావదు ఆర్లిస్. నిదానం, అంతే. నాలుగేళ్ళు పడుతుంది పూయడానికి."

తిరిగొచ్చాడు!

ఆర్లిస్ అతని చెయ్యి పట్టుకుంది, మట్టితో సహా, గట్టిగా. ఏమీ కాలేదు, అంతా అలసట, ఒట్టి పొరపాటు... అనుకుంది. ఆ క్షణం నిజంగానే నమ్మింది.

కుండీ కిటికీలో పెట్టాడు. మనీ ప్లాంట్ తీగ ఒకటి పక్కకి తప్పించి వెలుతురు ఇచ్చాడు. రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసుకుని మురిసిపోయాడు.

"బాగుంది కదూ అక్కడ?" అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "ఇంతకీ... ఏం మొక్క ఇది?"

కిటికీ గాజు మీద ఇంకా ఆవిరి. ఎదుటి అద్దంలో ఆకులు, ఆకుల్లో ఆకులు, వాటి నడుమ ఎక్కడో వెర్లిన్.

గదంతా వెన్న వాసన.

ఉల్లి వాసన ఎక్కడా లేదు. ఆర్లిస్ కళ్ళు మాత్రం మండుతూనే ఉన్నాయి...