కళ్లు తెరవకూడని ఆట

నాటకం టీచర్ చొక్కా చేతులు పైకి మడుచుకుని చాప చుట్టూ పాకుతోంది. "పిల్లి ముందు ఒళ్లు విరుచుకుంటుంది. ఆ తరవాతే నడుస్తుంది," అంది. ఐదారేళ్ల పిల్లలు వీపులు పైకెత్తి, మ్యావుమంటూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

పొద్దున్నించీ ఆమె ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. ఎడమ చెయ్యి తనది కానట్టుంది. "ఏంటక్కా, మొహం అలా పీక్కుపోయింది? ఆస్పత్రికి వెళ్దాం పద," అని చెల్లెలు అంటే, "నిద్ర చాల్లేదులే," అని తప్పించుకుంది. ఆస్పత్రంటే భయం. లిఫ్టన్నా, కుక్కలన్నా, వేళకాని వేళ మోగే ఫోనన్నా భయమే. వయసులో ఉండగా ఒక్కసారి స్టేజీ ఎక్కింది. లైట్లు పడగానే నోరు పిడచగట్టుకుపోయి, తెర వెనక్కి పరిగెత్తింది. అయినా నాటకాన్ని వదల్లేకపోయింది. మాట మరిచిపోతే కిలకిలా నవ్వేసే పిల్లల మధ్య, స్టేజీ లేని ఈ గదిలో, జుట్టు నెరిసేదాకా ఉండిపోయింది.

"ఇవాళ భయం నేర్చుకుందాం," అంటూ లేచింది.

లేవడంతోనే నొప్పి దవడ దాకా పాకింది. గోడ పట్టుకుంది. ఊపిరందక నోరు తెరిచింది. నుదురంతా చెమట పట్టింది. పిల్లలు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

"భలే భయపడ్డారు టీచర్! మళ్లీ, మళ్లీ!"

ముందు పళ్లు ఊడిన పిల్ల ఒకతె ఉంది. అందరూ తొర్రి అంటారు. అదొక్కతే చప్పట్లు కొట్టలేదు.

"నిజంగానా టీచర్?"

"ఉత్తుత్తిదేనమ్మా."

ఆమెకి చచ్చిపోతానన్న భయం కంటే, వీళ్ల కళ్లముందు దభేలున పడిపోతానన్న భయమే ఎక్కువైంది. రేపట్నించి ఈ గదంటేనే హడలిపోరూ? మళ్లీ ఎవరు పిల్లి అవుతారు?

"తొర్రీ, ఆయమ్మని పిలుచుకురా. టీచర్ గబగబా రమ్మందని చెప్పు. మిగతావాళ్లంతా పడుకోండి. ఇది నిద్ర ఆట. ఎవరు పిలిచినా కళ్లు తెరవకూడదు."

పిల్లలు బారుగా పడుకున్నారు. ఒకడు గురక కూడా పెట్టాడు. ఆమె గోడ వెంట జారి, చప్పుడు కాకుండా కింద కూర్చుంది. అరుపు రాకుండా చొక్కా అంచు పళ్లతో కరిచిపట్టింది.

గుమ్మంలోకి వచ్చిన ఆయమ్మ ఆ మొహం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టీచర్ కళ్లతోనే పిల్లల్ని చూపించింది.

ఆయమ్మ తొర్రిని పొట్టకి అదుముకుని, "పిల్లలూ, ఇప్పుడు రైలు ఆట," అంది. "కళ్లు మూసుకునే లేవండి. ముందువాళ్ల భుజం పట్టుకోండి. చూసినవాళ్లు ఔట్!"

రైలు కదిలింది. చుక్ చుక్ చప్పుడు వరండాలోకి వెళ్లి, మలుపు తిరిగి, సన్నబడింది. టీచర్ పళ్ల బిగువు సడలించింది. భయం మాత్రం వదల్లేదు. చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా చెవులు అటే పెట్టి ఉంది.

పిల్లల్ని పక్క గదిలో వదిలి, అంబులెన్సుకి ఫోన్ చేసి, ఆయమ్మ పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, వచ్చేస్తున్నారు," అంటూ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తిరిగి పట్టుకోలేదు.

గుమ్మం పక్కన టీచర్ పొద్దున విడిచిన చెప్పులు ఉన్నాయి. రైల్లో వెళ్తూ ఎవరో కళ్లు తెరిచినట్టున్నారు. తొడుక్కోవడానికి వీలుగా, బయటివైపు తిప్పి, జతగా సర్ది ఉన్నాయి.