ఒక జబ్బ, ముప్పై రెండు గిన్నెలు

ఆదివారం పొద్దున్నే కంచరపాలెంలో మాంసం కొట్ల దగ్గర జనం తొడల కోసం కొట్టుకుంటుంటే, కాసులమ్మ మాత్రం అందరూ వెళ్లేదాకా ఆగి, చివర్న ఎవరికీ అక్కర్లేని ముదురు గొర్రెపోతు జబ్బ ఒకటి కొనేది.

"జబ్బ బాగా ముదురప్పా, రేపటికీ ఉడకదు" అన్నాడు కొట్టు గవర్రాజు.

"ఎల్లుండికి ఉడుకుద్దిలే. ముక్కలు కొట్టకు, ఉన్నదున్నట్టు ఇయ్యి."

కొట్టిస్తే ఎముక నుజ్జవుతుంది, మాంసం ఒక్క పూటకే అయిపోతుంది. జబ్బని ఇంటికి తెచ్చి తనే కోసుకోవాలి. ముందు కొవ్వు తీసి కరిగించి డబ్బాలో పోయాలి. మెత్తటి కండ ఆదివారం ఇగురుకి. గట్టి కండని సన్నగా చీల్చి, ఉప్పూ పసుపూ రాసి, పొయ్యి మీదుగా కట్టిన తాడుకి ఆరేయాలి. ఎముక చుట్టూ ఉన్నదంతా మంగళవారం దోసకాయలోకి. ఎముకని రోజూ ఒకసారి మరిగించి దించుతూ శుక్రవారం దాకా కాపాడుకోవాలి. ముదురు మాంసం ముసలి అత్తలాంటిది, తొందరపెడితే లొంగదు. దానికి కాసులమ్మ దగ్గర పొట్టు పొయ్యి ఉంది. కోత మిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టు కూరి ఒక్కసారి అంటిస్తే, పూటంతా సన్నటి సెగ.

ఇంత లెక్కలో ఒకే ఒక్క చిక్కు ఉంది. కాసులమ్మ వండిన మాంసం వాసనకి కాళ్లున్నాయి. మూత తీయగానే దిగి, ఇల్లంతా తిరిగి, గుమ్మం వైపు చూస్తుంది. అది ఎవరి గుమ్మం తొక్కితే వాళ్లకి గిన్నెడు కూర వెళ్లి తీరాలి. వాసన చూపించి కూర పెట్టకపోవడం ఆ వీధిలో దొంగతనం కంటే తప్పు. వరసలో ఉన్నవి పదకొండు ఇళ్లు, ఇంట్లో ఉన్నది ఒక్క జబ్బ. అందుకని మూత తీసే ముందే కాసులమ్మ "కూకో" అని గట్టిగా చెప్పేది. వాసన వెళ్లి నులక మంచం కింద ముడుచుకుని పడుకునేది. అత్తగారు దేముడమ్మ సోమవారం శివుడికి ఉపవాసం ఉంటే ఆ రోజు అదీ కదలకుండా ఉండేది.

ఆ ఆదివారం ఇగురన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, భర్త అర్జునరావు నేల చూపులు చూస్తూ చెప్పాడు. "అన్నయ్య కబురెట్టాడు. ఊడుపులకి మనుషులు లేరట. వచ్చే ఆదివారం పాసింజరుకి ఎలమంచిలి ఎల్లిపోదాం."

అతను పోర్టులో ఒక ప్రైవేటు కాంట్రాక్టరు కింద పద్నాలుగేళ్లు కళాసీగా చేశాడు. ఓడల్లోంచి సరుకు దింపడానికి పెద్ద పెద్ద యంత్రాలు వచ్చాక ఆ కాంట్రాక్టరు జట్టు మొత్తాన్నీ పంపేశాడు. రెండు నెలలుగా పని లేదు.

"ఎల్లిపోతే మళ్లీ వత్తామా?" అంది కాసులమ్మ.

"ఏటికి రావడం? అక్కడే ఉండిపోదాం."

కాసులమ్మకి ఊరంటే భయం లేదు, నాట్లేయడం చిన్నప్పుడే వచ్చు. ఆమె బాధంతా పొయ్యి గురించి. ఎలమంచిలి ఇంట్లో పొయ్యి తోటికోడలిది. అక్కడ ఉప్పెంతో ఆవిడే చెబుతుంది, ఎవరికెన్ని ముక్కలో ఆవిడే వేస్తుంది. పెళ్లయిన కొత్తలో మూడేళ్లు ఆ వంటింట్లో ఉల్లిపాయలు తరిగి ఇచ్చి బయట కూర్చుంది. కంచరపాలెం వచ్చాక గాని తనకి వంట వచ్చని తనకే తెలియలేదు. ఆ సంగతి మొగుడికి చెబితే నవ్వుతాడని చెప్పలేదు.

చెప్పకుండా వండి చూపించింది. మంగళవారం దోసకాయ మాంసం. బుధవారం ఆరిన చీలికలు వేయించి గోంగూరలో. గురువారం కరిగించిన కొవ్వులో గుత్తొంకాయ, ఒక్క ముక్క లేకపోయినా కూతురు ధనశ్రీ గిన్నె నాకింది. ఒకే జబ్బతో ఇన్ని రోజులు ఈ ఊళ్లో ఎలాగైనా బతకొచ్చు కదా అని ప్రతి పూటా కంచంలో పెట్టి అడుగుతూనే ఉంది. అర్జునరావు ప్రతి పూటా రెండోసారి అన్నం వేయించుకున్నాడు.

"బాగుంది కాసులూ. బాగా వండితే పని దొరుకుద్దేటి?" అన్నాడు గురువారం. అతనికీ ఏడుపొచ్చేలాగే ఉంది పాపం.

శుక్రవారం తెల్లవారగానే కాసులమ్మ పెద్ద గంగాళంలో ఎముక వేసి ఉలవలు ఎక్కించింది. ఆ ఉలవలు ఎలమంచిలి నుంచి బావగారు పంపినవే, కుంచెడు. వచ్చిన చోటికే మళ్లీ మోసుకుపోవడం ఎందుకని ముందు రోజే అన్నీ నానబోసింది. చారు మరుగుతుండగా అర్జునరావు వచ్చి నెమ్మదిగా అన్నాడు. "ఇదయ్యాక పొయ్యిలో పొట్టు దులిపేయే. పాత సామాన్లోడు మధ్యాన్నం వత్తానన్నాడు."

కాసులమ్మ తల ఊపింది. కళ్లు మండాయి. పొగ వల్ల అనుకుందామంటే పొట్టు పొయ్యికి పొగే లేదు. చారు కలపాలని మూత తీసింది, కలిపింది, మూత పెట్టింది. ఇన్నేళ్లలో మొదటిసారి కూకో అనడం మర్చిపోయింది.

కాసేపటికి దేముడమ్మ మంచం మీంచి కిందికి వంగి చూసింది. "ఏటే కాసులు, వాసనేదీ?"

ధనశ్రీ వీధిలోకి పరిగెత్తింది. తిరిగొచ్చి గుమ్మంలోంచే అరిచింది. "అమ్మా, పదకొండు గుమ్మాలూ తొక్కేసింది. పట్టాలు కూడా దాటేసింది. గూడ్సు షెడ్డులో మూటలు మోసే జట్టు మధ్యలో కూకుంది. ముప్పై రెండు మంది ఉన్నారు."

అర్జునరావు కంగారు పడ్డాడు. "ఈధిలో ఇచ్చేయే. ఆ షెడ్డోళ్లు మనకేటవుతారు? ఒగ్గీ."

"షెడ్డుకి మాత్రం గుమ్మం లేదేట్రా?" అంది దేముడమ్మ. "తొక్కింది. ఎట్టాలి."

కాసులమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడవడానికి ఇక టైము లేదు, అదే ఆమెకి మేలు చేసింది. ఎముక బయటికి తీసి రోటి మీద పొత్రంతో పగలగొట్టి, మూలగ మొత్తం చారులోకి గీకింది. తాడుకి మిగిలిన ఆఖరి చీలికలు నాలుగూ నిప్పుల మీద కాల్చి పొడిగా దంచింది. ముక్కలుగా వేస్తే నలుగురికి వస్తాయి, పొడి చల్లితే ప్రతి గిన్నెకీ మాంసం వెళ్లినట్టే. సగం ఉలవలు మెత్తగా రుబ్బి కలిపితే చారు చిక్కబడి రెట్టింపైంది. డబ్బా అడుగున ఉన్న కొవ్వంతా వేసి, వెల్లుల్లీ ఎండుమిర్చీ తాలింపు పెట్టింది. ఉప్పు చూసి, ఇంకొంచెం వేసింది. ఎవర్నీ అడగలేదు.

పదకొండు ఇళ్లకీ ధనశ్రీ గిన్నెలు మోసింది. మిగిలిన గంగాళాన్ని కర్రకి తగిలించి మొగుడూ పెళ్లాం చెరోవైపు భుజానికెత్తుకుని పట్టాలు దాటారు.

షెడ్డులో ముప్పై రెండు మందీ క్యారేజీలు విప్పుకుని, అన్నం ముట్టకుండా కూర్చుని ఉన్నారు. మేస్త్రి పోలిరాజు లేచి నిలబడ్డాడు. "గుమ్మం తొక్కింది కదప్పా. గిన్నె వత్తాదని ఆగినాం."

కాసులమ్మ గరిటె తీసుకుని వడ్డించింది. ముప్పై రెండో మనిషికి పోశాక అడుగున ఇంకా ఒక గరిటె మిగిలింది. దాన్ని అర్జునరావు దోసిట్లో పోసింది. మూటలు మోసేవాళ్లు ఎప్పుడూ గబగబా తింటారు, ఆ షెడ్డులో మాత్రం ఆ రోజు ఒకరిద్దరు కళ్లు మూసుకుని తిన్నారు.

"మాకు వండే ముసలమ్మ కాలం చేసి ఏడాదైంది" అన్నాడు పోలిరాజు చెయ్యి కడుక్కుని. "అప్పట్నుంచీ హోటలు కూరలే. రేపు శనారం, అప్పన్న వారం, నీసు తినం, ఒగ్గీ. సోమారం నుంచి రోజూ ముప్పై రెండు మందికి నువ్వే కూర పంపాలప్పా. నీ ఇట్టం ఎలా ఉంటే అలా."

కాసులమ్మ వెంటనే సరే అనలేదు. "సోమారం నీసు ముట్టనోళ్లు ఎంతమంది?" అని అడిగింది.

తొమ్మిది చేతులు లేచాయి.

"తొమ్మిదికి పప్పు" అంది కాసులమ్మ. "జబ్బలు మూడు చాలు. మావా, గవర్రాజుకి ఇప్పుడే చెప్పు, ముదురువే ఉంచమను. అలాగే ఇంకో పెద్ద పొట్టు పొయ్యి కావాలి."

అర్జునరావు ఆమెని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. ఎంత పొడుగు మనిషి అనుకున్నాడు. ఇంటికి వెళ్లేసరికి పాత సామాన్లవాడు గుమ్మంలో కాచుకుని ఉన్నాడు. అతన్ని పంపేసి, అతని బండి మీదున్న పెద్ద రేకు డబ్బా మాత్రం పొయ్యికి పనికొస్తుందని కొని ఉంచుకున్నారు.

ఆదివారం పొద్దున పాసింజరు కదిలే వేళకి అర్జునరావు ఎస్టీడీ బూతులో ఉన్నాడు.

"అన్నా, ఊడుపులకి నాను రాలేనే. పని దొరికింది."

"ఏ కంపెనీరా?" అన్నాడు అవతల అన్నయ్య త్రినాథరావు.

"కంపెనీ కాదు. కాసులు కింద."

"పెళ్లాం కిందేట్రా? ఊళ్లో ఏటంతారు?"

"ఏటన్నా అననీ అన్నా. పద్నాలుగేళ్లు ఎవడెవడి కిందో సేసినాను. ఇంత తెలివైన మడిసి కింద ఇప్పుడే సేత్తన్నాను." అర్జునరావు బూతు బయటికి చూశాడు. "ఉంటానే. మేస్త్రి పిలుత్తంది."

బూతు బయట కాసులమ్మ, రెండు సంచులూ కింద పెట్టి, నిజంగానే చెయ్యి ఊపి పిలుస్తోంది.