మూలల్లేని బాత్‌రూం

మా ఇంట్లో బాత్‌రూం కడిగే మనిషి పేరు మధులత. ఎమ్మెస్సీ బోటనీ చదివింది. ఇరవై నాలుగేళ్ళుగా ఇదే కొలువు. జ్వరమొచ్చిన వారం ఒక్కసారి సెలవు తీసుకుంది కానీ, ఆ వారం పని తరవాతి వారంతో కలిపి చేసింది. ఆ మనిషిని నేనే.

సూరత్‌లో మాది అడాజన్, ఒక పాత సొసైటీలో నాలుగో అంతస్తు. నలుగురికీ కలిపి ఒకటే బాత్‌రూం. మావారు భీమశంకరం హజీరాలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ మేనేజరు. అక్కడ ఏ యంత్రంలో బోల్టు వదులైనా ఆయనకు శబ్దాన్ని బట్టి తెలిసిపోతుందట. ఇంట్లో కమోడ్ వెనక ఏం పేరుకుందో మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ తెలియలేదు. మా అబ్బాయి సుహాస్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. భుజాల దాకా జుట్టు పెంచాడు. అందులో సగం ఎప్పుడూ బాత్‌రూం జాలీలోనే ఉంటుంది. ఇక మా అత్తయ్యగారు కమలాదేవి. డెబ్బై ఆరేళ్ళ మనిషి, మడి మనిషి.

మనిషిని పెట్టుకోవచ్చు కదా అంటారు అందరూ. మా పనిమనిషి గిన్నెలు తోముతుంది, ఇల్లు తుడుస్తుంది, బాత్‌రూం గుమ్మం దగ్గర ఆగిపోతుంది. బాత్‌రూంలు కడగడానికి సొసైటీలో వేరే అతను వస్తాడు. అతను మా బాత్‌రూంలోకి వెళ్ళాలంటే దేవుడి గూటి ముందు నుంచి నడవాలి. అత్తయ్యగారు ఒప్పుకోరు. అదే పని కోడలు చేసి, తలమీద నాలుగు చెంబులు పోసుకుని వంటింట్లోకి వస్తే ఏ దోషమూ లేదు. అతను చేస్తే మైల, నేను చేస్తే శుభ్రం. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాలేదు. గట్టిగా అడగనూ లేదు. అడగకపోవడం నా తప్పే.

ఆదివారం వచ్చిందంటే రెండు గంటలు అందులోనే. బోరు నీళ్ళ ఉప్పు కుళాయిల మీద సున్నంలా గట్టిపడుతుంది. టైల్స్ సందుల్లో నల్లగా, బకెట్ల అడుగున వలయాలుగా, మూలల్లో పచ్చగా పాచి. పాచి గురించి నేను పరీక్షల్లో పేజీలు పేజీలు రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. దాన్ని పాత టూత్‌బ్రష్షుతో గీకడానికే ఆ చదువంతా చదివినట్టయింది. పోయిన వర్షాకాలంలో యాసిడ్ ఘాటుకి పదిహేను రోజులు దగ్గాను. మోకాళ్ళ డాక్టరు గొంతుక్కూర్చోవద్దన్నాడు. గొంతుక్కూర్చోకుండా కమోడ్ వెనక ఎలా తోమాలో ఆయన చెప్పలేదు.

ఈ ఎండాకాలంలో అత్తయ్యగారికి కంటి ఆపరేషనయింది. ఆసుపత్రిలో బయట కూర్చుని ఉంటే, ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంది. లోపల నేలకీ గోడకీ మధ్య మూల లేదు. నేల అలాగే గుండ్రంగా వంపు తిరిగి గోడైపోయింది. ఒకతను కర్రకి కట్టిన గుడ్డతో ఒక్క ఊపున నేలా గోడా కలిపి తుడిచేశాడు. వంగలేదు, గీకలేదు. నేను అత్తయ్యగారి కన్ను సంగతి మర్చిపోయి ఆ మూలనే చూస్తూ ఉండిపోయాను.

ఇంటికొచ్చి సుహాస్ పాత నోటుబుక్కులో బొమ్మ గీశాను. నేల మీద ఏదీ ఆనకూడదు. కమోడ్ గోడకి వేలాడాలి, వాష్‌బేసిన్ గోడకి వేలాడాలి. బకెట్లు కూడా కొక్కేలకే. అరలు వద్దు, అద్దం వెనక పెట్టె వద్దు. చిన్న టైల్స్ బదులు నున్నటి పెద్ద కోటా రాతి పలకలు. నీళ్ళన్నీ వెనక గోడ వెంట సన్నటి కాలువలోకి జారిపోవాలి. గోడకి కార్లు కడిగే పైపు లాంటిది ఒకటి. గుమ్మంలో నిలబడి పైనుంచి కిందికి కడిగేస్తే, పెద్ద ఫ్యాను గాలికి అరగంటలో గది ఆరిపోవాలి.

మావారు ఆ బొమ్మ చూసి కళ్ళజోడు పెట్టుకున్నారు. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారంటే విషయం నచ్చినట్టు.

"భలే ఆలోచించావు మధూ! మేమూ ఇదే మొత్తుకుంటాం. మెయింటెనెన్స్ అనేది డిజైన్‌లోనే తగ్గిపోవాలి."

"నాదొక్క షరతు," అన్నాను. "కొత్తది వచ్చాక నేను కడగను. ఎవరు వాడితే వాళ్ళు కడగాలి."

"ఇంత సులువైతే ఎవరూ అక్కర్లేదు, నేనే కడుగుతాను. మాటంటే మాటే."

"చిల్ మమ్మీ, కర్ లేంగే, కడిగేద్దాంలే," అన్నాడు సుహాస్ ఫోన్లోంచి తల ఎత్తకుండా. అత్తయ్యగారు కందిపప్పులో రాళ్ళు ఏరుకుంటున్నారు. నాకు కావలసిందల్లా ఆ ఒక్క మాట. బాత్‌రూం కోసం కాదు, నిజం చెప్పాలంటే, ఆ పని నన్నొక్కదాన్నీ వదిలి ఇంకో చేతిలోకి వెళ్ళడం కోసమే ఆ బొమ్మ గీశాను.

పని చేసింది పరుశురాం అనే మేస్త్రి. సిరిసిల్ల వైపు మనిషి. మగ్గాల మీద పని చేయడానికి సూరత్ వచ్చి, ఆ చప్పుడికి చెవులు మందగించి, టైల్స్ పనిలోకి మారాడట. రోజూ కోసాడ్ నుంచి బైకు మీద వచ్చేవాడు. నా బొమ్మ చూసి నెత్తి గోక్కున్నాడు.

"మూల లేకుంట ఎట్ల జేస్తమమ్మా? ఇరవై ఏండ్ల సంది మూలమట్టం వెట్టి మూలలు తీసుడే నేర్సిన. గిప్పుడు మూలలే వద్దంటరేంది?"

"మూలల్లోనే పాచి పడుతుంది పరుశురాం. అక్కడికి బ్రష్షు కూడా పోదు, వేలు పెట్టి గీకాలి," అన్నాను కాస్త గట్టిగా, వినబడాలని.

అతను నా గోళ్ళ వైపు చూశాడు. "కడిగేటోళ్ళకే ఎర్కుంటది మురికి యాడ కూసుంటదో. పెద్ద పెద్ద డిజైనర్ల కాయితాలు మస్తు జూసిన. చెయ్యి దూరని సందులల్ల లైట్లు వెడ్తరు. కడిగేది ఎవలో వాళ్ళకు సోయే ఉండది. జర ఆగుండ్రి, ఏదో ఒకటి జేద్దాం."

ప్లాస్టిక్ పైపు ముక్క తెచ్చి, పచ్చి సిమెంటు మీద దాన్ని మెల్లగా దొర్లించి, గోడా నేలా కలిసే చోటంతా గుండ్రటి వంపు తీశాడు. రెండుసార్లు కుదరక పగలగొట్టాడు కూడా. పని జరిగిన పదహారు రోజులూ ఊరెళ్ళిన ఎదురింటివాళ్ళ తాళాలు తీసుకుని వాళ్ళ బాత్‌రూం వాడుకున్నాం. ఆఖరి రోజు బకెట్టు నీళ్ళు గుమ్మం దగ్గర కుమ్మరించి, "సూడుండ్రి. ఒక్క బొట్టు నిలవడ్డా నా పేరు మార్చుకుంట," అన్నాడు. ఒక్క బొట్టు నిలబడలేదు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. బాత్‌రూం చూసి ఏడ్చే ఆడది ఇంకెక్కడైనా ఉంటుందో లేదో.

మొదటి ఆదివారం ఎలా కడగాలో చూపించడానికి నేనే కడిగాను. మావారు ఫోన్లో టైము పెట్టారు. నాలుగు నిమిషాలు. "అద్భుతం!" అన్నారు. రెండో ఆదివారం ఆయన ఫ్యాక్టరీ స్నేహితులు ఇద్దరు వచ్చారు. కాఫీ కూడా తాగనివ్వకుండా వాళ్ళని బాత్‌రూం దగ్గరికి తీసుకెళ్ళి, వంపులు తడిమి చూపించి, "నాలుగే నిమిషాలు!" అని చెప్పారు. ఆయన దాన్ని ఎప్పుడు కడిగారని వాళ్ళు అడగలేదు. వాళ్ళు వెళ్ళాక నేనే కడిగాను.

మూడో వారం బాత్‌రూం తలుపు వెనక ఒక చార్టు వెలిసింది. ప్లాస్టిక్ పూత వేయించి, ఫ్యాక్టరీలో యంత్రాల పక్కన పెట్టే చార్టులాగే గళ్ళు గీసి ఉంది. ఏ భాగం, ఎలా కడగాలి, ఎన్ని రోజులకొకసారి. చివరి గడిలో 'ఓనర్' అని, దాని కింద ఎనిమిది వరసల్లోనూ నా పేరే.

"ఇదేంటండీ?"

"మా ప్లాంట్‌లో ప్రతి మెషిన్‌కీ ఒక ఓనరు ఉంటాడు మధూ. ఆ పేరు పడాలని మావాళ్ళు పోటీ పడతారు. ఇది నీ డిజైను. ఇంకొకళ్ళ పేరు రాస్తే నీ క్రెడిట్ కొట్టేసినట్టు కాదూ?"

వెటకారం కాదు. ఆయన ముఖంలో నిజంగానే గర్వం ఉంది. నాకు ఏదో పతకం ఇస్తున్నట్టు నిలబడ్డారు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"మీరు కడుగుతానన్నారు."

"కాదన్నానా? అయినా నాకంటే నీకే బాగా తెలుసు కదా. నాలుగు నిమిషాల పనికి మనిద్దరికీ గొడవేమిటి?"

నిజమే, నాలుగు నిమిషాలు. ఇదివరకు రెండు గంటలు చాకిరీ చేసి బయటికొస్తే అమ్మో నడుము అని కూలబడటానికైనా ఉండేది. ఆయన బామ్ డబ్బా తెచ్చి చేతికిచ్చేవారు. నాలుగు నిమిషాలకి ఎవరైనా నడుము పట్టుకుంటారా? చాకిరీ నాకే ఉంచుకుని, మూలిగే వీలు మాత్రం నేనే పోగొట్టుకున్నాను. నా తెలివికి నాకే నవ్వొచ్చింది, నవ్వే ఓపిక మాత్రం లేదు.

ఆ రోజునుంచి కడగడం మానేశాను. ఎవరితోనూ అనలేదు. పాచి పట్టాలి, జారాలి, వాసన రావాలి, అప్పుడు ఆయనే పైపు పట్టుకోవాలి. జులై నెల, బయట ఎడతెరిపి లేని వాన. ఈ తేమలో పాచికి మూడు రోజులు చాలని నాకంటే బాగా తెలిసినవాళ్ళు మా సొసైటీలో లేరు.

వారం గడిచింది. బాత్‌రూం అద్దంలా ఉంది. రెండు వారాలు, మూడు వారాలు. కోటా రాయి మీద మచ్చ లేదు, జాలీలో సుహాస్ జుట్టు కూడా లేదు. నేను స్నానానికి వెళ్ళినప్పుడల్లా గోడ వంపు మీద వేలితో రాసి చూసేదాన్ని. ఏమీ లేదు. మొదట గర్వపడ్డాను. ఎంత గొప్ప డిజైను గీశాను, మురికే పట్టడం లేదనుకున్నాను. తరవాత దిగులేసింది. నా సమ్మె సంగతి నాకూ గోడకీ తప్ప ఎవరికీ తెలియడం లేదు. బోటనీ చదివిన దాన్ని, అదెలా సాధ్యమని ఒక్కసారి ఆలోచించి ఉండాల్సింది. మన గొప్ప మనకి కనిపిస్తున్నప్పుడు చదువు గుర్తుకు రాదు.

మొన్న బుధవారం తెల్లవారుజామున గొంతులో గరగర పెట్టి మామూలుకంటే ముందే మెలకువ వచ్చింది. మంచినీళ్ళకని వంటింటివైపు వెళ్తుంటే బాత్‌రూంలో నీళ్ళ చప్పుడు వినిపించింది. తలుపు ఓరగా తీసి ఉంది.

అత్తయ్యగారు చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, ఒక చేత్తో గోడ కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో పైపు పట్టుకుని నేల కడుగుతున్నారు. పాదాల మీద నరాలు ఉబ్బి ఉన్నాయి. పక్కన కాగితం మీద జాలీలోంచి తీసిన జుట్టు ఉండ.

"అత్తయ్యగారూ! ఇదేంటి?"

"మెల్లిగానే, వాళ్ళు లేస్తారు," అన్నారు. "నువ్వు మానేశావని మొదటి ఆదివారానికే తెలిసింది. అలిగావనుకున్నాను. అలిగితే అలిగింది, ఎన్నాళ్ళని చేస్తుందిలే అనుకున్నాను."

"మీ అబ్బాయికి చెప్పచ్చు కదా!"

"ఎవరికి, శంకరానికా? మగపిల్లాడి చేత ఇది కడిగిస్తానటే?" ఆవిడ పైపు కాస్త పైకెత్తి చూసుకున్నారు. "అయినా బాగా కట్టించావే అమ్మాయ్. వంగక్కర్లేదు. మా కాలంలో ఇలాంటిదుంటే నా నడుము ఇంకో పదేళ్ళు నిలిచేది."

ఆ బాత్‌రూం గురించి నేను విన్న అసలైన మెప్పు అదొక్కటే. అది వింటూ సిగ్గుతో చచ్చిపోయాను. మూడు వారాలుగా నేను మావారి మీద చేస్తున్నాననుకున్న సమ్మె ఈ ముసలావిడ నడుము మీద పడింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. నాకంటే ముందు ముప్పై ఏళ్ళు ఆవిడదీ ఇదే కొలువు.

"ఏమండీ!" అని అరిచాను. "ఒక్కసారి ఇలా రండి!"

కంపెనీ బస్సు కోసం అప్పటికే లేచి బాల్కనీలో గడ్డం గీసుకుంటున్నట్టున్నారు, సగం నురగ ముఖంతో వచ్చారు. గుమ్మంలో నిలబడి వాళ్ళమ్మని చూశారు. తడిసిన చీర, చేతిలో పైపు, అన్నీ చూశారు. ఆయన ముఖం తెల్లబోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ చాకిరీ ఆయనకి కనిపించిందని నాకు అర్థమైంది.

"అమ్మా! ఈ వయసులో నీకిదేం ఖర్మ? జారిపడితే ఏమైనా ఉందా?" అంటూ చెప్పులు కూడా విప్పకుండా లోపలికి దూకారు. ఆవిడ భుజం పట్టుకుని జాగ్రత్తగా గుమ్మం దాకా నడిపించారు. ఆవిడ వద్దంటున్నా వినకుండా చేతిలోంచి పైపు లాక్కున్నారు.

పైపు ఆయన చేతిలో ఉంది. నీళ్ళు పారుతున్నాయి. కడగడానికి ఇంకా సగం నేల మిగిలి ఉంది.

ఆయన వెనక్కి తిరిగి పైపు నాకు అందించారు.

నేను తీసుకున్నాను. తీసుకోకూడదని అనుకునేలోపే నా చేయి ముందుకెళ్ళిపోయింది.