పన్నెండో గెలుపు

"ఆ కంప్యూటరు రేసు ఆట ఈ నెలతో ఆపేస్తాండా. నెలనెలా వెయ్యికి పైన కట్టల్ల. అది కట్టినాక మళ్లా కొత్త కారు కావాలంటే వేరే దుడ్లు, కొత్త రోడ్డు కావాలంటే వేరే దుడ్లు. కొన్న కారు మన వాకిట్లో నిలబడతాదా అంటే అదీ లేదు. శుద్ధ దండగ," అన్నాడు నిస్సార్ రొట్టె తుంచుకుంటూ.

పొయ్యి దగ్గర రొట్టె తడుతున్న షాహీనా చేయి ఆగిపోయింది. తనకేమీ పట్టనట్టు, "ఎప్పటిదాకా ఉండాది గడువు?" అని అడిగింది. ఆదివారంతో సరి అన్నాడు మొగుడు. ఆ రోజు సోమవారం. అంటే ఇంకా ఆరు మధ్యాహ్నాలు. ఈలోపు పెనం మీద రొట్టె మాడింది. "ధ్యాస యాడ పెట్టినావే?" అన్నాడు. గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగం మీద పెట్టింది. చెప్తే నమ్మడని చెప్పలేదు.

కల్లూరులో వాళ్లది రెండు గదుల ఇల్లు. కర్నూలులో నిస్సార్‌కు కార్ల సీటు కవర్ల దుకాణం. కొలతలు తీసేదీ, బిగించేదీ, గిరాకీలతో నవ్వుతూ మాట్లాడేదీ ఆయన. కుట్టేది షాహీనా. పన్నెండేళ్లుగా ముందుగదిలో మోటారు మిషను ముందు కూర్చుని ఎన్ని కార్లకు కుట్టిందో ఆమెకే తెలియదు. కూలి మాట ఏనాడూ రాలేదు. "ఇంట్లో ఊరికే కూసుండే మనిషికి ఏదో చేతిపని," అని నిస్సార్ అందరికీ చెప్తుంటాడు. ఇద్దరు ఆడపిల్లల్ని బడికి పంపి, అత్తకు మందులిచ్చి, ట్యాంకరు వస్తే బిందెలు నింపి, వండి, వార్చి, సీట్లు కుట్టి, ఇదంతా ఊరికే కూర్చోవడమే. అన్ని కార్లకు కుట్టిన మనిషి డ్రైవరు సీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. పెళ్లైన కొత్తలో డ్రైవింగు నేర్చుకుంటానని అడిగితే, "నీకేంటికి? పోవాల్సిన చోటికి నేను తీసకపోనా?" అన్నాడు. తీసుకెళ్లాడు, కాదనకూడదు. ఏడాదికొకసారి ఎర్రగుంట్లలో పుట్టింటికి, అదీ చీకటి పడేలోపు తిరుగు ప్రయాణం.

ఈ ఆట ఇంటికొచ్చింది మాత్రం నిస్సార్ సరదా మీదే. బెంగళూరులో ఉద్యోగం వచ్చిన ఓ ఇంజినీరింగు కుర్రాడు తన కంప్యూటరు, దానికి తగిలించే స్టీరింగు, కాళ్ల కింద పెడల్సు అన్నీ అమ్మేస్తుంటే కొనేశాడు. పాత సామాన్ల కొట్లో ఒక కారు సీటు దొరికింది. దుకాణం పక్కనే వెల్డింగు పెట్టుకున్న స్నేహితుడు హనుమేష్ ఇనప చట్రం చేసి ముందుగదిలో బిగించాడు. ఆ సీటుకు కవరు ఎవరు కుట్టారో చెప్పక్కర్లేదు. ఇక చూడు, రెండు నెలలు ఇల్లంతా పందెమే. దేశదేశాల వాళ్లు ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని ఒకే రోడ్డు మీద కార్లు తోలతారట. ఎవర్నీ గుద్దకుండా తోలితే లైసెన్సు ఒక మెట్టు ఎక్కుతుందట, గుద్దితే దిగుతుందట. నిస్సార్ దిగుతూనే ఉన్నాడు. ప్రతి మలుపులోనూ బ్రేకు మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడినంత పని చేసేవాడు. తప్పు స్టీరింగుదన్నాడు, ఇంటర్నెట్టుదన్నాడు. చివరికి "ఆ తెల్లోళ్లకు తోలనీకే రాదు" అని తేల్చేసి లేచాడు. మళ్లీ అందులో కూర్చోలేదు.

ఒక మధ్యాహ్నం నమాజు అయ్యాక అత్త షంషాద్ బీ ముందుగదిలోనే మంచం మీద అటు తిరిగి పడుకుంది. షాహీనా దుమ్ము తుడుస్తూ మీట నొక్కింది. తెర వెలిగింది. నిస్సార్ పేరుతో ఆట దానంతటదే తెరుచుకుంది. చుట్టూ చూసి సీట్లో కూర్చుంది. అవతలి వాళ్లకు తను కనిపిస్తుందేమోనని తల మీద దుపట్టా సరిచేసుకుంది. ఆ తర్వాత కాలు పెట్టింది.

అబ్బా, ఆ కాలు పెట్టడం. పెడల్ కింద మోటారు గుర్రుమనడం పన్నెండేళ్ల పరిచయం ఆమెకు. రెగ్జిన్ మీద మూల తిప్పేటప్పుడు కాలు ఒక్కసారిగా తీస్తే కుట్టు వదులవుతుంది, గట్టిగా నొక్కితే సూది విరుగుతుంది. కొంచెం కొంచెంగా వదులుతూ, చేత్తో గుడ్డను తిప్పుతూ పోవాలి. కళ్లు సూది మీద ఉండకూడదు, బెత్తెడు ముందుండాలి. మలుపులో కారూ అచ్చం అంతే. బ్రేకు కొంచెం కొంచెంగా వదులుతుంటే అది చెప్పినట్టు విని తిరిగిపోయింది. షాహీనాకు ఒళ్లంతా ఝల్లుమంది. తనకు ఇది వచ్చు. ఎవరూ నేర్పకుండానే వచ్చు. ఆ రోజు సాయంత్రం కూరలో రెండుసార్లు ఉప్పు వేసినా ఆమెకు నవ్వే వచ్చింది.

అయితే మొదట్లో ఒక తప్పు చేసింది. వెనక ఎవరి కారు కనబడినా పక్కకు జరిగి దారి ఇచ్చేసేది. వంటింట్లోకి అత్త వస్తే జరగడం, వాకిట్లోకి మొగుడి స్నేహితులు వస్తే లోపలికి పోవడం, బస్సులో మగవాళ్లు నిలబడితే ఒదిగి కూర్చోవడం అలవాటైన ఒళ్లు అది. పాపం, వాళ్లకేం తొందరో అనుకునేది. ఇరవైమంది పోటీలో పద్దెనిమిదో స్థానం. కానీ ఎవరినీ గుద్దేది కాదు కాబట్టి నిస్సార్ లైసెన్సు చడీచప్పుడు లేకుండా మెట్లెక్కసాగింది. ఒకరోజు, దారి ఇచ్చాక దాటిపోయిన మనిషి తెర మీద ఇంగ్లీషులో ఏదో రాశాడు. తిట్టాడేమోనని భయపడి, ఫోను కెమెరా పెట్టి తెలుగులోకి మార్చి చదివింది. 'నువ్వు నాకంటే వేగంగా తోలుతున్నావు. ఎందుకు పక్కకు జరిగావు?' అని ఉంది.

ఎందుకు జరిగింది? బట్టలు ఆరేస్తూ ఆలోచించింది, పిల్లలకు జడలు వేస్తూ ఆలోచించింది. మరుసటి రోజు పక్కకు జరగలేదు. వెనకవాడు లైట్లు కొట్టాడు, కుడికి వచ్చాడు, ఎడమకి వచ్చాడు. ఆమె తన గీత మీద తను పోయింది. మూడో స్థానం. ఆ వారంలోనే మొదటి స్థానం. గెలిచానని ఎవరితోనూ చెప్పలేక, ట్యాంకరు దగ్గర రెండు బిందెలు ఒకేసారి ఎత్తుకొచ్చింది. అలా ఇప్పటికి పది గెలిచింది. ఆ ఆటనే ఆదివారం ఆపేస్తారట.

బుధవారం మధ్యాహ్నం పందెం మధ్యలో ఉండగా ఏసుమణి లోపలికి వచ్చింది. కల్లూరు నుంచి కర్నూలుకు షేర్ ఆటో నడుపుతుంది. ఆటో సీటు చిరిగి స్పాంజి బయటపడితే కుట్టించుకోవడానికి వచ్చింది. పందెం అయ్యేదాకా నిలబడి చూసింది.

"ఇంత బాగ తోలుతాండావే! ఎన్నాళ్ల నుంచి?"

షాహీనా అంతా చెప్పింది. ఆదివారం గడువు సంగతీ చెప్పింది.

"నిజం చెప్పు పాపా," అంది ఏసుమణి, "ఉండే కారు కాదు, చేరే ఊరు లేదు. దానికి నెలకు వెయ్యి పెట్టొచ్చునా? నేనైతే ఆ దుడ్లతో ఆటోకు గ్యాసు పోయించుకుంటా."

షాహీనా స్టీరింగు తుడుస్తూ ఆలోచించింది. కొత్త చీర అని చెప్పుకోవడానికి లేదు, పిల్లల ఫీజు అని చెప్పడానికీ లేదు. చేతిలో మిగిలేది ఏమీ లేదు, నిజమే. "రోజుకు గంటన్నర దొరుకుతాదక్కా," అంది చివరికి. "ఆ గంటన్నరలో నీళ్లు యాడ, చొక్కా యాడ అని నన్నెవరూ అడగరు. ఆ గంటన్నర కోసరం పొద్దున్నుంచి కాచుకుంటా. లేసినాక కూడా ఒళ్లు తేలిగ్గా ఉంటాది."

ఏసుమణి చిరిగిన సీటు ఆమె చేతిలో పెట్టి, "అట్లైతే చవకే," అంది. శుక్రవారం కుట్టిన సీటు తీసుకున్నప్పుడు డబ్బు నిస్సార్ దుకాణంలో కట్టలేదు. షాహీనా ఫోనుకే పంపింది. వద్దు, ఆయనకిస్తే చాలని షాహీనా అంటే, "కుట్టింది ఆయప్పనా?" అని అడిగి ఆటో ఎక్కింది. షాహీనా ఆ డబ్బును ఏం చేయాలో తోచక అట్లే ఉంచింది. ఊరికే తీసి చూసుకుంటూ ఉంది.

శనివారం దుకాణంలో నిస్సార్ ఫోనుకు ఆ ఆటవాళ్ల ఉత్తరం వచ్చింది. లైసెన్సు పై మెట్టుకు చేరిందనీ, పది పందేలు గెలిచినందుకు అభినందనలనీ. పక్కనుంచి తొంగిచూసిన హనుమేష్ దాన్ని గట్టిగా చదివాడు. తను ఒక్కటీ గెలవలేదని నిస్సార్‌కు తెలుసు. ఏదో పొరపాటున వచ్చిందని అనుకున్నాడు. అనుకున్నది అనకుండా, "ఏదో, తీరిక ఉన్నప్పుడు తోలతాంటాలే," అన్నాడు. అయితే రేపు పొద్దున చూడాల్సిందేనన్నాడు హనుమేష్.

ఆదివారం పొద్దున్నే వచ్చాడు కూడా. షాహీనా టీ ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నిస్సార్ సీట్లో సర్దుకుని కూర్చుని కారు కదిలించాడు. మొదటి మలుపులో బ్రేకు మీద ఎగిరి దూకాడు. ముందున్న రెండు కార్లను గుద్ది, పచ్చికలోకి దొర్లి, గోడకు ఆనుకున్నాడు.

"ఏమప్పా, పది గెల్చినోడివి," అన్నాడు హనుమేష్ టీ పక్కన పెట్టి.

"స్టీరింగు పట్టేసింది."

"స్టీరింగు బాగనే ఉండాది," అంది మంచం మీదనుంచి షంషాద్ బీ. అందరూ అటు తిరిగారు. "గెల్చేది నువ్వెట్లయితావురా? ఆయమ్మి కదా గెల్చేది. నేను నిద్రపోతాండానని అనుకుంటాది గానీ, రోజూ చూస్తానే ఉండా. మొన్న ఆ నీలం కారోన్ని దాటినప్పుడు నాకు బీపీ మాత్ర ఇంకోటి వేసుకోవాల్సొచ్చింది."

షాహీనా దుపట్టా తల మీదికి లాక్కుంది. నిస్సార్ తల్లినీ, భార్యనీ మార్చి మార్చి చూశాడు. హనుమేష్ ముందు పరువు పోయింది కాబట్టి, ఆ పరువు వెనక్కి తెచ్చే దారి ఇక ఒక్కటే ఉంది కాబట్టి, సీట్లోంచి లేచాడు. "కూసో, చూస్తాం," అన్నాడు.

కూర్చుంది. అదృష్టం చూడు, కొత్త పందెంలో తెర మీద వాన. మూడు నెలలుగా కల్లూరులో చుక్క పడలేదు గానీ ఆ రోడ్డు మీద ధారగా కురుస్తోంది. వరుసలో పదిహేడో చోటు. మొదటి మలుపులోనే ముందువాళ్లు ఒకరి మీద ఒకరు జారిపోతుంటే, పాదం కొసతో బ్రేకు వదులుతూ సందులోంచి దూరి తొమ్మిదికి వచ్చింది. తడి రోడ్డు సన్నటి రెగ్జిన్ లాంటిది, లాగితే పోతుంది, బుజ్జగించాలి. ఏడు. అయిదు. గదిలో మనుషులున్నారన్న సంగతి మరిచిపోయింది. దుపట్టా ఎప్పుడో జారిపోయింది. "ఎడమకి పో, ఎడమకి," అంటోంది అత్త. మూడు. రెండు. ఆఖరు చుట్టులో ముందున్నవాడు అద్దంలో ఆమెను చూసి చూసి, మలుపులో అర జానెడు బయటికి జారాడు. ఆ అర జానెడు చాలు. దూరిపోయింది. గీత దాటాక కూడా స్టీరింగును వదలకుండా అట్లే పట్టుకుంది. లోపలినుంచి నవ్వు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు.

హనుమేష్ లేచి నిలబడ్డాడు. నిస్సార్ ముఖంలో సంతోషమూ ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"సరేలే, ఆపను. నెలనెలా నేనే కడతా. నా పేరు మీదే ఆడుకో. మంచి మెట్టులో ఉండాది కదా." తర్వాత హనుమేష్ వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు. "బయట మాత్రం చెప్పొద్దురా. నిస్సార్ గెల్చినాడనే చెప్పు. ఆడమనిషి పేరెందుకు నలుగుర్లో?"

వారమంతా ఆమె అడగలేక అడగలేక కోరుకున్నది అదే. మధ్యాహ్నాలు మిగిలాయి. రూపాయి పెట్టక్కర్లేదు, ఎక్కిన మెట్టు దిగక్కర్లేదు. ఊఁ అంటే చాలు. అయినా ఆమె చూపు తెర మీదికే పోయింది. పదకొండుసార్లు అందరికంటే ముందు గీత దాటిన కాళ్లు ఇవి, చేతులు ఇవి. తెర మీద ఇప్పటికీ మెరుస్తున్న పేరు మాత్రం నిస్సార్. ఆ పేరును చూస్తూ కూర్చున్న షాహీనాకు కోపం రాలేదు, ఏడుపు రాలేదు. ఏం చేయాలో తెలిసిపోయింది, అంతే. తెలిసిన వెంటనే ఆకలి వేసినంత హుషారు వచ్చింది.

ఫోను తీసుకుంది. ఏసుమణి పంపిన డబ్బు అట్లే ఉంది, మొదటి నెలకు సరిపోతుంది. ఆటలోంచి బయటికి వచ్చి, కొత్తగా చేరేవాళ్ల పేజీ తెరిచింది.

"ఏం చేస్తాండావు?" అన్నాడు నిస్సార్.

"నాది నేను కట్టుకుంటాండా."

"పిచ్చా నీకు? మళ్లా అట్టడుగు నుంచి మొదలుపెట్టల్ల. గెల్చినవన్నీ పోతాయి. ఊరికే వస్తా ఉంటే దుడ్లు పెట్టి దండగ చేస్తావా?"

పేరు రాయమని అడిగిన చోట షాహీనా అని ఒక్కొక్క అక్షరమే నొక్కింది. అంతా సరిగ్గా ఉందో లేదో ఒకసారి చదువుకుని, సరే అన్న మీట మీద వేలు పెట్టింది.

"ఆ పదకొండూ నువ్వే ఉంచుకో," అంది. "పన్నెండోది నాది."