నిలకడ లేని కన్ను

ముప్పై ఏళ్లు రంగుల తొట్ల పక్కన నిలబడ్డ అద్దకం మేస్త్రి, ఏడోసారి ఆ చీకటి గదిలో కూర్చుని, గడ్డం పలకమీద ఆన్చి, తెలిసి తెలిసి తప్పు చూపబోతున్నాడు.

ఎదుట యంత్రం తెర నిండా ఊదా చారలు, ఆకుపచ్చ చారలు. వాటి నడుమ బూడిదరంగు వలయం. చారలు చుట్టుముడితే బూడిద బూడిదలా కనిపించదు. కాస్త ఎరుపెక్కుతుంది, కాస్త పాలిపోతుంది. అది కంటికి ఎలా కనిపిస్తే, పక్కనున్న మరో వలయాన్ని పిడి తిప్పి ఆ రంగుకే తేవాలి. ఎవరి కంటికి ఎంత మారిందో కొలిచి రాసుకోవడం పరిశోధకురాలి పని. రెండు వారాల కొలతలు కలిస్తే ఇక రానక్కరలేదు. కలవకపోతే మళ్లీ రావాలి.

రెండో వారం తుమ్మొచ్చి అతని చేయి జారింది. ఆమె మూడో వారం రమ్మంది. వచ్చాక, “రాత్రి నిద్ర పట్టిందా? కళ్లు మండుతున్నాయా?” అని అడిగింది. అద్దకం కార్ఖానా మూతపడ్డాక, ఇంటిది పోయాక, అతణ్ణి ఆ మాట అడిగిన మనిషి లేదు. అప్పటినుంచి అతని చేయి వారం వారం జారుతూనే ఉంది.

“మేస్త్రిగారూ, మీ కన్ను వారానికో వేషం కడుతోందండీ.”

“ముసలి కన్ను తల్లీ! నా మాట వింటేగా!”

ఎప్పుడూ నవ్వే ఆమె ఈసారి నవ్వలేదు. “తప్పు మీది కాదులెండి. అన్నేళ్లు రంగులు చూసిన కన్ను ఇంత తడబడదు, యంత్రమే చెడిందంటున్నారు మా సారు. దీనిమీద తీసిన నలభైమంది కొలతలూ కొట్టేయమన్నారు. రెండేళ్ల పని నీళ్లపాలు.”

మేస్త్రి గడ్డం ఎత్తాడు. నూలు ఒక్క ఛాయ తేడా వస్తే తొట్టి తొట్టంతా వెనక్కి పంపి, యజమానితోనే తగవుపడ్డ మనిషి అతను.

“యంత్రం మంచిదేనమ్మా. నేనే తప్పు తిప్పాను.”

“అదేంటండీ! ఎందుకు?”

“లెక్క కుదిరినవాళ్లని మళ్లీ పిలవవుగా.”

ఆమె అతని పాత కాగితాలు ఒక్కొక్కటే తిరగేసింది.

“ఏడు వారాలండీ,” అంది ఆమె చివరికి. గొంతులో కోపం ఉంది. కోపం ఒక్కటే కాదు. “కూర్చోండి. ఈసారి మీకు కనిపించిందే చూపించండి.”

చూపించాడు. ఐదుసార్లు తిప్పితే ఐదుసార్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా మొదటి వారం ఆగినచోటే ఆగింది చేయి.

“అమ్మో! నలభైమందిలో ఇంత నిలకడ ఎవరికీ లేదండీ!”

అతని కాగితాన్ని కుదిరిన కాగితాల కట్టలో పెట్టి, ఆమె తాడు బిగించింది. మేస్త్రి ఛాతీ ఒక్క క్షణం పొంగింది. ఆపైన తలుపు కనిపించింది.

“తర్వాత ఎవరమ్మా?”

“మూడింటికి ఒకావిడ వస్తారు.”

“ఆవిడకి కుర్చీ కాస్త పైకి లేపు తల్లీ. ఇంత కిందుంటే మెడ పట్టేస్తుంది,” అన్నాడు, ఏడు వారాల్లో ఆ నొప్పి సంగతి ఒక్కసారైనా ఎత్తని మనిషి.