మందు డబ్బా ఫొటో

పొద్దున్నే చేనికి పోగానే మాబూబీకి రెండు పనులు. డ్రమ్ములో మందు కలపడం ఒకటి, ‘పూత పిందె’ గ్రూపు చూడడం ఇంకొకటి. ఆమె రెండోదే ముందు చేస్తుంది. ఆ సంగతి మీద మొగుడు సుభానీ సణగని రోజు లేదు. “మందు ఫోనుకి కొడతావా, చేనుకి కొడతావా?” అంటాడు. ఆమె వింటేగా!

‘పూత పిందె’ అంటే వాట్సాప్ గ్రూపు. సత్తెనపల్లిలో మోటార్లు బాగుచేసే అమానుల్లా పెట్టాడు. మిర్చి చేలకు నల్లతామర పట్టి పూతంతా రాలిపోయిన ఏడు, పురుగు గురించి నలుగురూ మాట్లాడుకుందామని మొదలెట్టారు. ఎంతసేపని పురుగు గురించే మాట్లాడతారు చెప్పండి? నెల తిరిగేసరికి గేదె ఈనిందనీ, అత్తకి మోకాళ్ళు పట్టేశాయనీ, పిల్ల ఇంటర్లో లెక్కలు తప్పిందనీ, మొగుడు బండి తీసుకుపోయి కాలవలో పడేశాడనీ అన్నీ అందులోనే. గుంటూరు వైపు వాళ్ళు కొందరు, ప్రకాశం వైపు వాళ్ళు కొందరు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. అయినా ఒకరింట్లో కూర మాడితే మిగతా అందరికీ తెలిసిపోయేది.

ఆ గ్రూపులో ఒక పద్ధతుంది. మందు కొట్టేవాళ్ళకి చేతులు తడిగా ఉంటాయి, ఫోనులో రాయడం కుదరదు. కొందరికి అసలు రాయడమే రాదు. అందుకని మందు డబ్బా ఫొటో తీసి పెట్టేస్తారు, అంతే. ఒక్క అక్షరం రాయరు. డబ్బా ఫొటో వచ్చిందంటే, ‘ఇది కొట్టొచ్చా, ఎంత కలపాలి’ అని అడిగినట్టే లెక్క. చూసినవాళ్ళు చూసినట్టు చెప్పేస్తారు. అందరికన్నా ముందు చెప్పేది మాబూబీ. అందుకే అమానుల్లా ఆమెను ‘డాక్టరమ్మా’ అని పిలుస్తాడు. పైకి విసుక్కుంటుంది గానీ, ఆ పిలుపంటే ఆమెకి మహా ఇష్టం.

డిసెంబరు నెల, మంచు ఇంకా విడవలేదు. మాబూబీ బోరు దగ్గర డ్రమ్ములో నీళ్ళు పట్టుకుంటూ ఫోను తీసింది. ఏసోబు డబ్బా ఫొటో పెట్టి ఉన్నాడు.

ఏసోబు చీమకుర్తి వైపు కౌలు రైతు. గ్రూపులో నవ్వుల మనిషి. తన మొహం బదులు గేదె మొహం పెట్టుకున్నాడు. “నాకన్నా అదే అందంగా ఉంటది, నా పెళ్ళాం ఎలీసమ్మ కూడా ఒప్పుకుంది” అని మొదటిరోజే చెప్పాడు. క్వారీలో రాళ్ళు పేలిస్తే ఇంటి రేకులు ఎగిరిన సంగతి చెప్పినా, కూతురికి జ్వరమొచ్చి ఇంట్లో అంతా రాత్రి నిద్రపోని సంగతి చెప్పినా, చివరికి ఎట్టాగొట్టా నవ్వించి గానీ వదిలేవాడు కాదు.

మాబూబీ డబ్బా మీది పేరు చూసింది. తెలిసిన మందే. తడి చెయ్యి చీర కొంగుకి తుడుచుకుని గబగబా ఫోనులో కొట్టేసింది. ‘లీటరుకి అర మూత చాలు తమ్ముడూ. ఎక్కువ పొయ్యమాక, ఆకు మాడుద్ది.’

దాని వెనకే మిగతావాళ్ళు అందుకున్నారు. అమానుల్లా, ‘డాక్టరమ్మ చెప్పాక తిరుగేముంది’ అన్నాడు. ఎవరో, ‘ఎండెక్కకముందే కొట్టెయ్ అన్నా’ అన్నారు. ఇంకెవరో, ‘మొహానికి గుడ్డ కట్టుకో, నీ గేదె గుర్తుపట్టదు’ అని రాసి నవ్వు బొమ్మలు వరసగా పెట్టారు. మాబూబీ కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టి ఫోను చెట్టుకొమ్మకి తగిలించిన సంచిలో పడేసింది.

సాళ్ళెంట మందు కొట్టుకుంటూ పోతున్నారు. సుభానీ వీపున పంపు, మాబూబీ చేతిలో పైపు. చేను మధ్యకొచ్చేసరికి సుభానీ ఆగిపోయాడు. అక్కడ నాలుగైదు సాళ్ళు ఆకు ముడుచుకుపోయి గిడసబారిపోయాయి.

“దీనికి మందు కొట్టటం దండగే. పీకి పారేద్దాం. పీకేసినదానికి మందుతో పనేముంది?” అని ఒక మొక్క పట్టి లాగాడు.

వేళ్ళతో సహా వచ్చింది మొక్క. మాబూబీ దానివైపు చూస్తూ నిలబడిపోయింది. పైపులోంచి మందు కాళ్ళ మీద కారిపోతున్నా పట్టించుకోలేదు.

పోయినవారం ఏసోబు వీడియో పెట్టాడు. ట్రాక్టరు అతని మిర్చి చేను మీద తిరుగుతోంది. నిలువెత్తు మొక్కలు, పూతతో సహా, రోటవేటర్ కింద నలిగి మట్టిలో కలిసిపోతున్నాయి. “చేనంతా ముడత తినేసిందక్కా. దున్నించేశా. రేపు కౌలు చేను ఆసామికి అప్పజెప్పేస్తా. ఇంక నేనూ, నా గేదే, హాయిగా రెస్టు” అని నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు కదా అని అందరూ నవ్వారు. మాబూబీ కళ్ళెంట నీళ్ళొచ్చే నవ్వు బొమ్మ పెట్టింది.

చేను లేనివాడికి మందెందుకు?

“యా అల్లా!” అంది మాబూబీ. పైపు కింద పడేసి సాళ్ళకడ్డంగా పరిగెత్తింది. వెనక సుభానీ, “ఏమైందే? పాము గానీ కరిచిందా?” అని అరుస్తున్నాడు. సంచిలోంచి ఫోను లాగింది, తడి చేతుల్లోంచి అది జారి బురదలో పడింది. తుడిచి ఏసోబుకి చేసింది. మోగుతోంది. మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

గ్రూపులో వాయిస్ మెసేజీ పెట్టి అరిచినట్టే చెప్పింది. “ఒరేయ్, ఏసోబుకి చేను లేదురా! దున్నేశాడు గదరా పోయినవారం! మనం వాడికి మందెంత పొయ్యాలో చెప్పాం రోయ్!”

గ్రూపులో అందరూ విన్నట్టు గుర్తులు పడుతున్నాయి. చివరికి అమానుల్లా ఫోను చేశాడు.

“అమ్మా, నేను కూడా... నేనూ జోకేశానమ్మా.”

“అది తర్వాత ఏడుద్దాం భాయ్. వాడిది ఏ ఊరు?”

“చీమకుర్తి అనేగా?”

“చీమకుర్తి ‘వైపు’ అన్నాడు. ఊరి పేరేంటి?”

“అది... చూడాలమ్మా.”

“నువ్వే గదా చేర్చుకుంది? ఊరు తెలీకుండా ఎట్టా చేర్చావు?”

“లింకు నొక్కి వచ్చారమ్మా అందరూ. ఊరెవరు అడిగారు?”

అడిగినవాళ్ళు లేరు. అదీ సంగతి. అతని గేదె ఏ పూట పాలివ్వలేదో తెలుసు. కూతురు ఏ మాత్ర మింగనని మారాం చేస్తుందో తెలుసు. ఎలీసమ్మ చేపల పులుసులో ఉప్పెక్కువేసిన రోజు తెలుసు. ఇంత తెలిసి, అతను ప్రాణం మీదికి తెచ్చుకుంటే పరిగెత్తుకుపోవడానికి ఊరి పేరు ఒక్కళ్ళకీ తెలియదు! మాబూబీ సిగ్గుతో గట్టు మీద కూలబడింది.

విషయం అర్థమయ్యాక సుభానీ పంపు దించి పక్కన కూర్చున్నాడు. ఫోనంటే గిట్టని మనిషే, “వాడు ఇంతకుముందు మాట్లాడినవి ఉంటయి గదా, అవి పెట్టు. ఎక్కడో ఒకచోట ఊరి పేరు దొరక్కపోదు” అన్నాడు.

ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోయింది. నవ్వులు, గేదె కబుర్లు, మళ్ళీ నవ్వులు. ఒకదాంట్లో అతని మాట కన్నా వెనక మైకు గట్టిగా మోగుతోంది. చర్చిలో ఎవరో ప్రకటన చదువుతున్నారు. “ఈ మైకు నన్ను మాట్లాడనివ్వట్లేదక్కా, పాస్టరు గారికి నా మీద కుళ్ళు” అని ఏసోబు నవ్వుతున్నాడు. అప్పుడు ఆ ముక్కకే అందరూ పడీపడీ నవ్వారు. సుభానీ చెయ్యెత్తి, “మైకు విను, మైకు విను” అన్నాడు. మళ్ళీ పెట్టింది. ‘ఎర్రగుట్టపాలెం సంఘస్తులందరూ సెమీ క్రిస్మస్‌కి...’

గ్రూపులో ఊరి పేరు పెట్టిన మరుక్షణం సంతోషకుమారి ఫోను చేసింది. ఆమెదీ ఆ గ్రూపే, చీమకుర్తిలో బట్టలు కుట్టే కొట్టు. “అక్కా, ఎర్రగుట్టపాలెం మాకు దగ్గరే, నేను పోతున్నా.”

“ఫోను పెట్టెయ్యమాక సంతోషమ్మా. నేను వింటానే ఉంటా.”

మాబూబీ ఫోను చెవికి అదిమిపెట్టుకుంది. స్కూటీ చప్పుడు. గ్రానైటు లారీల హారన్లు. తిట్టుకుంటూ లారీల పక్కనుంచి దూరిపోతున్న సంతోషకుమారి గొంతు. ఆ తర్వాత కుక్కల మొరుగుళ్ళు, కోళ్ళ అరుపులు. “ఏసోబు ఇల్లెక్కడండీ?” అని సంతోషకుమారి కేకేయడం, ఎవరో ముసలమ్మ జవాబు చెప్పడం వినపడ్డాయి.

“ఎలీసమ్మ కూలికి పోయిందమ్మా, పిల్ల బడికి పోయింది. వాడు అదిగో, ఆ బాటెంట చేలోకి పోయాడు. మందు డబ్బా పట్టుకుపోయాడులే, మందు కొట్టొస్తాడు.”

మాబూబీ కళ్ళు మూసుకుంది. ముసలమ్మ కూడా! పొద్దున్నే రైతు చేతిలో మందు డబ్బా చూసి ఈ నేలలో ఎవరు మాత్రం ఉలిక్కిపడతారు? అతను ఊరి నడిబజారులోంచే డబ్బా పట్టుకుని పోయి ఉంటాడు. ఎదురొచ్చినవాళ్ళు ‘ఏరా, మందుకా?’ అని పలకరించి తప్పుకుని ఉంటారు.

మళ్ళీ స్కూటీ. ఆపి దిగిన చప్పుడు. తర్వాత పరుగు, ఆయాసం. “ఏసోబన్నా! ఏసోబన్నా!” అన్న కేక. ఆ తర్వాత ఏమీ లేదు. గాలి తప్ప ఏమీ లేదు.

“సంతోషమ్మా! ఏమైంది? మాట్లాడవే!” మాబూబీ చేను దద్దరిల్లేలా అరిచింది. సుభానీ ఆమె భుజం పట్టుకున్నాడు.

“ఉన్నాడక్కా!” అంది సంతోషకుమారి, ఏడుపూ ఆయాసం కలిసిపోయి. “గట్టు మీద కూర్చున్నాడక్కా. మూత తీసేసి పెట్టుకున్నాడు. తాగలేదు, తాగలేదు. డబ్బా లాక్కున్నా, పారబోశా. ఇదిగో, మాట్లాడు.”

మాబూబీ తిడదామనుకుంది. నోటికొచ్చినన్ని బూతులు తిడదామనుకుంది. తీరా, “తమ్ముడూ” అని మాత్రం అనగలిగింది.

“అక్కా” అన్నాడు ఏసోబు. గ్రూపులో వినే గొంతు కాదది. “ఎవరన్నా అడుగుతారేమోనని చూశానక్కా. చేను లేదు గదరా నీకు, ఈ డబ్బా ఎందుకురా అని. ఒక్కళ్ళన్నా అడుగుతారేమోనని ఫోను చేతిలో పెట్టుకుని చూస్తానే ఉన్నా.”

మాబూబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ముందు నీదే వచ్చింది. ఎక్కువ పొయ్యమాక, ఆకు మాడుద్ది అన్నావు.” అతను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. “ఏ ఆకక్కా?”



“నోటితో చెప్పొచ్చు గదరా. చచ్చిపోవాలనుందని చెప్పొచ్చు గదరా మాకు” అంది మాబూబీ.

“చెప్పటం రాలేదక్కా. నాకు నవ్వించటం ఒక్కటే వచ్చు. ట్రాక్టరు చేను మీద తిరుగుతుంటే కూడా నవ్వుతానే చెప్పా. మీరందరూ నవ్వారు. ఇంక ఏడ్చినా నవ్వుతారనుకున్నా.”

“నవ్వంరా. ఒట్టు, ఇంకెప్పుడూ నవ్వం. నువ్వక్కణ్ణుంచి కదలమాక. సంతోషమ్మ ఎలీసమ్మని పిలిపిస్తది, ఇద్దరూ నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు. నేను ఇప్పుడే బయల్దేరుతున్నా, మధ్యాన్నానికల్లా నీ ముందుంటా.”

“నువ్వొస్తావా?” అన్నాడు ఏసోబు. చిన్నపిల్లాడు అడిగినట్టే అడిగాడు. “ఎక్కణ్ణుంచక్కా? నీది ఏ ఊరు?” అన్నాడు.

మాబూబీ చుట్టూ చూసింది. డ్రమ్ము పక్కన తన మందు డబ్బాలు వరసగా ఉన్నాయి. చేను మధ్యలో ముడుచుకుపోయిన సాళ్ళున్నాయి. ఏసోబుకి తన ఊరు తెలియదు. అమానుల్లాకి తెలియదు. గ్రూపు మొత్తంలో ఒక్కరికీ తెలియదు. ఆ పొద్దున డబ్బా ఫొటో పెట్టింది తనే అయితే, ఎవరెంత పరిగెత్తాలన్నా ఎటు పరిగెత్తేవాళ్ళు? సుభానీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“గుండాలపాడు” అంది. “విను, సరిగ్గా విను. సత్తెనపల్లిలో బస్సు దిగితే ఆటోలుంటయి. గుండాలపాడు సెంటర్లో దిగి పాలకేంద్రం పక్క సందులోకి రావాలి. నీలం తలుపు. సుభానీ ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు. ఏదీ, చెప్పు.”

“ఇప్పుడెందుకక్కా?”

“చెప్పరా!”

“సత్తెనపల్లి... గుండాలపాడు...” ఏసోబు వెక్కుతూనే చెప్పుకుంటూ పోయాడు. “పాలకేంద్రం పక్క సందు... నీలం తలుపు...”

“మళ్ళీ చెప్పు” అంది మాబూబీ.